వరద గీత

తొమ్మిదింటి నావ ఎనిమిదీ నలభైకే వెళ్ళిపోతుంది.
ఎరకయ్యకి గడియారం లేదు,
పోటు ఎటు తిరిగితే అదే టైము.
మొదటి ఏడాది రేవులో నిలబడి
దూరమైపోతున్న నావ వీపు చూసి ఏడ్చాను.
ఇప్పుడు నేనూ నీళ్ళ రంగు చూసే
చెప్పులేసుకుంటున్నాను.

మాది మెట్ట. జగ్గంపేట దాటాక జీడితోటల మధ్య ఊరు.
అక్కడ నీళ్ళంటే బోరు, బిందె, తగాదా.
ఇక్కడ నీళ్ళంటే దారి.
ఈత రాదని చెబితే పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు
ఎక్కాలు రాని టీచర్ని చూసినట్టు.

లంకకి ఉత్తరపు కొసన బడి.
ఒక గది, ఒక వరండా, పద్నాలుగు పేర్లు.
రొయ్యల షెడ్ల సీజనొస్తే తొమ్మిది.
ఐదు తరగతులూ ఒకే చాప మీద.
రెండో తరగతికి ఒత్తులు చెబుతుంటే
నాలుగో తరగతి ఓ చెవి ఇటు పారేసి
మరో చెవితో మోటారు పడవ ఎవరిదో పోల్చుకుంటుంది.

కోడిగుడ్లు నావలో నా ఒళ్ళో వస్తాయి.
ముప్ఫై గుడ్ల అట్ట, దాని మీద హాజరు పట్టీ,
దాని మీద నా చెయ్యి.
హాజరు ఫోటో పైకి వెళ్ళాలంటే
రేవులో బోర్లించిన పడవ ఎక్కాలి అందరూ.
నవ్వొద్దురా అంటే నవ్వుతారు.
ఫోను గుండ్రంగా తిరిగి తిరిగి
ఇవాళ ఎవరూ రాలేదని రాసుకుంటుంది.

తీసివేతలు చెప్పిన రోజు,
"మోషే వాళ్ళ తాతకి మూడెకరాలు.
గోదారి ఎకరంనర కోసుకుపోయింది. ఇంకెంత?"
లోవకుమారి లేచింది.
"మూడేనండి. ఆ ఎకరంనరా అవతలి లంకలో తేలిందండి.
ఎవరో దోసపాదులు పెట్టారండి."
"ఆయ్, మా తాత రోజూ చూత్తాడండి ఇటునుంచి,"
అన్నాడు మోషే, అదేదో వాళ్ళ చుట్టాలిల్లయినట్టు.
సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను.
ఆ లెక్క ఇంకా దిద్దలేదు.

తలుపు పక్క గోడ మీద గీతలుండేవి.
ఎర్ర పెన్సిలువి నీళ్ళవి, పేర్లున్నవి పిల్లలవి.
నాకంటే ముందున్న మాష్టారు మొదలెట్టారట.
ఆయన్ని నేను చూడలేదు, చేతిరాతే తెలుసు.
జూన్లో బడి తెరవగానే అదే మొదటి పాఠం.
మడమలు గోడకానించి, ఊపిరి బిగబట్టి,
ఎవరు ఏ ఏటి నీళ్ళని దాటారో.

కిందటి వేసవిలో కాంట్రాక్టరు
బడిని రైలుపెట్టె చేయించాడు.
నీలం రంగు, తెల్ల కిటికీలు, కింద నల్ల చక్రాలు.
రైలు చూడని లంకకి రైలొచ్చి
సరిగ్గా ఆ గీతల మీదే ఆగింది.

అదే వేసవిలో నేను బదిలీకి పెట్టుకున్నాను.
ఇరవై ఊళ్ళు వరసగా రాసిచ్చాను,
ఒక్కదానికీ రేవు లేదు.
ఆ మాట ఇక్కడెవరికీ చెప్పలేదు,
గుడ్ల అట్టలా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

"గీతలు పోయాయిరా," అన్నాను జూన్లో.
"లేదండి, ఉన్నాయండి."
వంట కామాక్షమ్మని పొయ్యి దగ్గర్నుంచి లాక్కొచ్చి
గోడకి నిలబెట్టారు.
ఒక ఏడు ఆవిడ మోకాలికి. ఒక ఏడు నడుముకి.
పెద్ద వరదకి ఆవిడే మాట్లాడకుండా
తల మీదికి చెయ్యెత్తింది.
ఆవిడ ఒంటి మీద నీళ్ళని చదివి
కిటికీ బొమ్మలకి అడ్డంగా
బొగ్గుతో గీశారు.
తరవాత తమవి, కాస్త ఎక్కువేసుకునే.
లోవకుమారి నడుము నీళ్ళని దాటింది. చప్పట్లు.

"మీరూ నిలబడండి టీచరండీ."

ఆరేళ్ళలో నన్నెవరూ కొలవలేదు.
చెప్పులు విప్పాను.
కొత్త రంగు వీపుకి చల్లగా తగిలింది.
మోషే బల్లెక్కి, తల మీద స్కేలు ఆనించి గీస్తుంటే
బొగ్గుపొడి పాపిట్లో రాలింది.

"పెద్ద వరదకి జానెడు తక్కువున్నారండి," అన్నాడు
నన్ను ఓదారుస్తున్నట్టు.
"పర్లేదండి. వచ్చే ఏడు మళ్ళీ చూద్దామండి."