కావలి పద్దు

టంకసాల వీధిలో ఆ మేడకి
నాలుగు బోర్డులు, ఒకదాని మీద ఒకటి.
పైది ఎల్.ఈ.డి. బల్బులు, దాని కింద స్టీలు పాత్రలు,
దాని కింద గొడుగులు.
అన్నిటి కిందా సున్నంలో ఉబ్బిన అక్షరాలు:
"సూ. అనంతయ్య శెట్టి. ఆముదం, కరక్కాయ."
కరక్కాయలో కాయ రాలిపోయింది.

దామోదరం నన్ను పిలిచింది చదవడానికే.
వాళ్ళింట్లో తెలుగే. ముత్తాత మాటలే,
తమిళంలో నాని, కాస్త వంకర పోయి.
అక్షరం మాత్రం రాదు.
"మావాళ్ళు రాసిందాన్ని బొమ్మ మాదిరి చూస్తా ఉండాను సార్."

పై అంతస్తులో బర్మా టేకు దూలాలు.
తూకపు కొక్కెం ఇంకా వేలాడుతోంది,
దానికి ఎవరిదో టిఫిన్ సంచి.
బీరువాలో ఎర్రగుడ్డ చుట్టిన చిట్టాలు.
మేడ అమ్మేముందు తెలుసుకోవాలట,
బంగారం లెక్కేమైనా ఉందేమో అని.

చదివాను. ఆముదం పీపాలు పదహారు.
కరక్కాయ నలభై మణుగులు.
రంగూను సరుకు రాలేదు.
రంగూను సరుకు మళ్ళీ రాలేదు.
చీమలబారులా సాగిన గుమాస్తా దస్తూరి
చిత్రభాను, చైత్ర బహుళ షష్ఠి దగ్గర తెగింది.
బాంబులు పడతాయని పట్నం ఖాళీ అయిన రోజులు.

తరువాతి పేజీలో వేరే చెయ్యి.
వత్తులన్నీ మింగేసిన బొద్దు అక్షరాలు:
"తలుపు తియలేదు. దీపం పెటినాను."
మర్నాడు,
"తలుపు తియలేదు. దీపం పెటినాను."
ఒకనాడు, "వాన. చిలి కింద చెంబు పెటినాను."
ఒకనాడు, "సైరను మోగింది. గోతాల కింద దూరినాను.
దీపం ఆరిపినాను. తరవాత పెటినాను."
ఇలా పంతొమ్మిది రోజులు.

"ఎవురు సార్ ఇతను?"
వెనక్కి తిప్పాను. జీతాల పద్దులో పేరు లేదు.
"కావలి, తొమ్మిది రూపాయలు", ఫాల్గుణం దాకా.
వైశాఖంలో శెట్టిగారు తిరిగొచ్చారు.
కొబ్బరికాయ ఖర్చు ఉంది,
వెల్ల వేయించిన ఖర్చు ఉంది.
చైత్రం జీతం ఎక్కడా లేదు.

"వడ్డీతో ఎంతవుతుందో!" నవ్వాడు దామోదరం.
నేనూ నవ్వాను.
చిట్టా మూయబోతే మాత్రం
వేలు అడ్డం పెట్టాడు.

మెట్లు చీకటి. గోడ పట్టుకుని దిగాను.
కింద కొట్లో కుర్రాడొకడు
అట్టపెట్టెలోంచి బల్బులు తీసి,
ఒక్కొక్కటీ వెలిగించి చూసి, ఆర్పి,
పక్కన పెడుతున్నాడు.