పంటు మీద ఎక్కిళ్ళు

ఎనిమిదింపావు పంటు సఖినేటిపల్లి ఒడ్డు వదిలేసరికే
లోవరాజుకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.
టికెట్టు చింపితే ఒక ఎక్కిలి,
చిల్లర తీస్తే ఇంకో ఎక్కిలి.
మెళ్ళో తోలుసంచీ
ఎక్కిలికొక్కసారి ఎగిరి పడుతోంది
లోపల ఏదో బతికున్నట్టు.

పోటు మీద ఉంది వశిష్ఠ.
సముద్రం లోపలికి తోసుకొస్తుంటే
పంటు ఏటవాలుగా, బద్ధకంగా నడుస్తోంది.
వైద్యానికి కావలసినంత టైముంది.

రొయ్యల తట్ట పక్కకి జరిపి
ముందు మసేనమ్మ లేచింది.
"ఊపిరి బిగబట్టి ఏడు గుక్కలు తాగరా,
ఎనిమిదోది తాగేవో, మళ్ళీ మొదటికొస్తది."
బాటిలు ఎవరిదో గానీ
గుక్కలు లెక్కపెట్టింది పంటు మొత్తం.
ఆరో గుక్కకి ఎక్కిలొచ్చి
నీళ్ళు ముక్కులోంచి దూకాయి.

కంపౌండరు సూర్నారాయణ నాలిక పట్టుకుని లాగమన్నాడు.
స్కూటరు దిగకుండానే పేరిశాస్త్రి గారు
నెమలీక కాల్చిన బూడిద, తేనెలో, పరగడుపున, అన్నారు.
నడి గోదాట్లో నెమలిని ఎక్కణ్ణించి తేవడం?
పెళ్ళికి వెళ్తున్నావిడ ఎవరో
"పంచదార లేదు గానీ పూతరేకుంది,
నమలకు, నాలిక మీద కరగనీ" అంది.
అది కరిగింది. ఎక్కిలి కరగలేదు.
చంటిపిల్ల తల్లి ఎవర్నీ అడక్కుండా
ఎర్రచీర కొంగులోంచి దారప్పోగు లాగి
ఉమ్మితో తడిపి అతని నుదుటికి అంటించేసింది.
నలభై ఐదేళ్ళ మనిషి,
నుదుట దారంతో టికెట్లు చింపుతుంటే
పైనుంచి సరంగు కూడా నవ్వాడు.

"ఎవరో తలుచుకుంటున్నార్రా, పేర్లు చెప్పు,
సరైన పేరు దగ్గర ఆగిపోద్ది."
పెళ్ళాం పేరు చెప్పాడు. ఎక్కిలి.
కూతురు పేరు. ఎక్కిలి.
రాజోలు బావమరిది, చిట్టీల వెంకాయమ్మ,
అప్పు మీద గేదెనిచ్చిన అంతర్వేదిపాలెం ఆసామి.
ఎక్కిలి, ఎక్కిలి, ఎక్కిలి.

అప్పుడు నేను నోరు తెరిచాను.

మా నాయనమ్మ మందు అది.
చెయ్యని దొంగతనం మోపాలి,
మొహం మీదే, నవ్వకుండా.
మనిషి ఉలిక్కిపడితే ఎక్కిలి పారిపోతుంది.
బెల్లం గడ్డ, వెన్నముద్ద,
ఓసారి పక్కింటి కోడిపెట్ట:
ఎక్కిళ్ళ పుణ్యాన మా ఇంట్లో అందరం దొంగలమే.

బడిలో హాజరు పిలిచే గొంతుతో అన్నాను,
"లోవరాజూ, నిన్న సాయంత్రం సంచీలో
రెండొందలు తగ్గాయట. నువ్వే తీశావట."

ఆగిపోయింది.

ఇంజను చప్పుడొక్కటే మిగిలింది కాసేపు.
తర్వాత పంటంతా చప్పట్లు.
"టీచరమ్మ మందే మందు" అంది మసేనమ్మ.
ఆ గోలలో, నాకొక్కదానికే వినపడేలా
లోవరాజు అడిగాడు,
"ఎవరు సెప్పేరండీ?"

ఎవరూ చెప్పలేదు, మందది, ఉత్తి మందు, అన్నాను.
ఆయ్, అన్నాడు.
అందరి నవ్వూ అయిపోయాక నవ్వాడు.
నుదుటి దారం ఊడదీసి
ఏట్లో పడేయబోయి, ఎందుకో జేబులో పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి
నా చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇస్తున్నాడు.
కూతురి ఫీజో, గేదె బాకీయో,
నేను అడగలేదు.
నర్సాపురం రేవు వచ్చేదాకా
ఆ సంచీ వంక చూడకుండా నిలబడడం
నీళ్ళలో నడిచినంత పని.

నిన్న రాత్రి అన్నం దగ్గర నాకు ఎక్కిళ్ళు.
మా ఆయన గ్లాసు ఇటు జరిపి,
"ఎవరో తలుచుకుంటున్నారు,
పేరు చెప్పు, ఆగుతుంది" అన్నాడు.

తెలిసిన పేరే.
నాలిక చివరిదాకా వచ్చింది.
నీళ్ళు తాగాను,
ఏడు గుక్కలు, లెక్కపెట్టుకుని.
ఎనిమిదోది కూడా తాగాను.