పువ్వు మీద అమ్మకం

తెల్లారి ఆరింటికి విచ్చుకుంటుంది.
పదకొండు దాటితే
దానికి నువ్వెవరో తెలీదు.

పరాయి ఖండం నుంచి ఈ దీవికి
తీగ ఒక్కటే వచ్చింది, ఈగ రాలేదు.
అందుకని సువాజఫీ వేలే ఈగ.
నారింజ ముల్లుతో లోపలి పొర పైకెత్తి
బొటనవేలితో ఒక్క నొక్కు.
ఇంకో పువ్వు. ఇంకో నొక్కు.
కొండవాలు మీద పొద్దెక్కేలోపు
ఎన్నయితే అన్ని.

అవి ఆవిడవి కావు.
బియ్యం డబ్బా అడుగు గీకుతున్న నెలలో
రెండు బస్తాలకి
బెజారాకి రాసిచ్చేసింది,
ఇంకా కాయని కాయల్ని.
పువ్వు మీద అమ్మకం అంటారు దాన్ని.
కడుపులో ఉన్నదానికి పేరు పెట్టకూడదట.
రేటు కట్టొచ్చట.

పోయిన కాయకి పూచీ మాత్రం ఆవిడదే.
తొమ్మిది నెలలు, రాత్రిళ్ళు
మడ్డికత్తి పక్కన పెట్టుకుని కాపలా.
బిరడాకి గుచ్చిన గుండుసూదులతో
ప్రతి పచ్చికాయ మీదా పేరు పొడుస్తుంది:
ఎస్, జెడ్, ఏడు.
కాయ నల్లబడి ముడుచుకుపోయినా
ఆ మచ్చ పోదు.
ఆవిడకి చదువు రాదు,
ఆ మూడు గుర్తులు తప్ప.
అవి కూడా చుక్కల్లోనే వచ్చు.

సంబావాలో, గోదాంలో, నేను కాయలు ఏరతాను.
పొడుగుని బట్టి, తేమని బట్టి.
బల్లకి అటూ ఇటూ నలభైమందిమి.
వేలికొసతో తడిమితే తెలుస్తుంది
ఇది వాగు అవతలి ముసలాయన కాయ,
ఇది సూది సరిగా దిగని పిల్లాడిది,
ఇదుగో, ఎస్, జెడ్, ఏడు.
మా ఊరంతా ఇలా కట్టలు కట్టలుగా ఓడెక్కుతుంది.
అవతలి రేవులో ఎవరో కాయ చీల్చి
గింజలు గీకి, తొక్క పారేస్తారు.
పేరున్నది తొక్క మీదే.

ఒక ఏడు రేటు ఆకాశంలో ఉండింది.
కరెంటు లేని ఇళ్ళలోకి ఫ్రిజ్జులొచ్చాయి.
వాటిలో బట్టలు మడిచి పెట్టుకున్నారు.
నవ్వకండి,
మా కొండ మీద ఎలుకలు కొట్టని బీరువా అదొక్కటే.
తర్వాతి ఏడు రేటు పడింది.
ఎందుకు పడిందో చెప్పడానికి
ఎవరూ కొండెక్కి రాలేదు.
ఫ్రిజ్జులు ఏ భుజాల మీద ఎక్కాయో
ఆ భుజాల మీదే దిగాయి.

సర్వేవాళ్ళు మాత్రం వచ్చారు, మొన్న,
సరిగ్గా పూత రోజుల్లో, పొద్దున్నే.
జీపు బురదలో కూరుకుపోయింది.
తీగల దగ్గర్నుంచి మేమే వచ్చి తోశాం.
చొక్కా దులుపుకుంటూ ఆయన అడిగాడు,
"మీ అభివృద్ధికి అడ్డమేమిటంటారు?"
సువాజఫీ చక్రం కేసి చూసింది.
దారి కేసి చూసింది.
మళ్ళీ చక్రం కేసి.
ఆయన 'సమాధానం లేదు' అన్న గడిలో
టిక్కు పెట్టుకున్నాడు.

వెళ్తూ పిల్లలకి ఓ బిస్కెట్ల పొట్లం ఇచ్చాడు.
పసుపు కాగితం, మీద తెల్లపువ్వు బొమ్మ.
వెనక సన్నక్షరాలు కూడబలుక్కుని చదివాను.
వాసన ఫ్యాక్టరీదట.
పువ్వూ అక్కర్లేదు, ముల్లూ అక్కర్లేదు,
రాత్రి కాపలా అసలే అక్కర్లేదు.

సువాజఫీ చిన్నకూతురు లలావ్ ఒకటి కొరికి,
ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుని,
"అత్తా, ఇది నీ చేతుల్లా ఉంది" అంది.

వాళ్ళమ్మ నా చెయ్యి లాక్కుని వాసన చూసింది.
తన చేతికి ఆకుపసరు తప్ప ఏదీ పట్టదు.
పచ్చికాయకి వాసన ఉండదు.
వేణ్ణీళ్ళలో ముంచి, కంబళ్ళలో చుట్టి,
నెలల తరబడి ఎండ చూపించాక వస్తుంది,
అంటే అమ్మేశాక.

పొట్లంలో చివరిదొకటి మిగిలింది.
ముగ్గురం. విరిస్తే రెండే ముక్కలయింది.
పెద్దముక్క ఎవరికన్న తగువు తేలేసరికి
పొద్దు నడినెత్తికొచ్చింది.
పైన, కొండ మీద,
ఆ పూట విచ్చుకున్నవన్నీ
మమ్మల్ని మరిచిపోయి ఉంటాయి.