మోకాలెత్తు

ఆ కళ్ళద్దాల బరువు నలభై ఆరు గ్రాములు.
లోపలి బుల్లి కెమెరాలు కంటిపాపను చూస్తాయి,
ముక్కుమీది ఇంకొకటి లోకాన్ని.
రెంటినీ కలిపితే తెరమీద ఒక ఎర్రచుక్క:
చూపు వాలిన చోటల్లా వాలే ఈగ.

నల్లగొండ పెద్ద దవఖానలో
ఓపీ చీటీల కిటికీ నుంచి రక్తపరీక్ష గది దాకా
మూడు మలుపులు, ఒక ర్యాంపు.
ఈ తొవ్వలో మనుషులు వేటిని ఆనవాలు పట్టుకుని నడుస్తారో
లెక్క తీయాలి. అదే నా కొలువు.
రోజుకు ఆరువందలు, మధ్యాహ్నం ఉప్మా మన ఖర్చే.

హాలియా నుంచి వచ్చిన ట్రాక్టర్ డ్రైవర్ చూపు
ప్రతి బోర్డుకూ ఒకసారి తగిలి
చివరికి వాచ్‌మన్ మెడలో విజిల్ దగ్గర ఆగింది.
ఇంటర్ చదివే అఫ్రీన్ బాణం గుర్తులన్నీ వదిలేసి
గోడమీది బాలింత బొమ్మను నమ్ముకుంది,
ఆ బాలింతకెవరో పెన్నుతో మీసాలు దిద్దారు.
చదువొచ్చినవాళ్ళు, రానివాళ్ళు
అందరూ రెండో మలుపులో ఒక మొహాన్ని వెతికారు,
"అన్నా, రక్తం యాడ తీస్తరు?"

పదిహేడో మనిషి అండాలమ్మ, మర్రిగూడ దిక్కు.
యాభై ఏళ్ళు బోరునీళ్ళు తాగిన నడుము
కొడవలిలా వంగి, అట్లనే గట్టిపడింది.
అద్దాలు తొడగడానికి
నేనే నేలమీద గొంతుక్కూర్చున్నాను.
"సూపు మంచిగనే ఉంది బిడ్డా, మెడనే లెవ్వది."

ఎర్రచుక్క నేల దిగింది.

పగిలిన టైలు, పగులులో ఇరుక్కున్న గోలీ.
బరువు తూచే మిషను ఇనుపకాళ్ళు.
ఫినాయిలు బకెట్టు రోజూ కూర్చునే చోట
గుండ్రటి తెల్లమరక.
ఒక గుమ్మం ముందు చిన్న చిన్న చెప్పులు,
"పిల్లల డాక్టరు ఈడ," అని తనకు తనే చెప్పుకుంది.
ర్యాంపు మొదట్లో స్ట్రెచర్ చక్రాలు గీసిన రెండు నల్లచారలు.
బండిబాట దొరికినట్టు వాటి నడుమ పడి పోయింది.
చారలు ఆగినచోట, తలుపు వార,
చుక్కంత ఎరుపంటిన దూదిపింజ.
"ఇగో, ఇదే."
నెమ్మది నడక. ఎవరినీ అడగలేదు.
ఒక్క అడుగు వెనక్కి వేయలేదు.

సాయంత్రం సాఫ్ట్‌వేర్ తేల్చింది:
గుర్తులపై చూపు, సున్నా.
హైదరాబాదు నుంచి సారు ఫోను,
"పదిహేడు తీసెయ్, పాడైన డేటా."
బోర్డులన్నీ ఏడడుగుల ఎత్తున ఉన్నయి సార్, అన్నాను.
"రూలు అంతే కదమ్మా."
అంతే. రూలుకు మెడనొప్పి లేదు.

తీసెయ్యలేదు.
రాత్రి దేవరకొండ రోడ్డు గదిలో
దోమల చక్రం వెలిగించుకుని ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతున్నాను.
టైలుకొక నంబరు, మరకకొకటి, చారలకొకటి.
రెండు నెలలు తొక్కిన నేల ఇది,
నాకు ఒక్కటీ తెలియదు.

రికార్డింగు మొదట్లో, నడక ఇంకా మొదలవకముందు,
ఒక మొహం. నాదే.
ఎడమ కనుబొమ మీది కుట్ల మచ్చ దగ్గర
ఎర్రచుక్క నాలుగు సెకన్లు నిలబడింది.
అప్పుడే కదా అడిగింది,
"మల్లొచ్చేసరికి ఈడనే కూసోని ఉంటవా?"
ఉంటా పెద్దమ్మా, అన్నాను,
ఎందుకడిగిందో ఆలోచించకుండా.

వీడియో చివర ఆమె తిరిగొస్తోంది.
దూది, చారలు, చిన్న చెప్పులు, మరక, ఇనుపకాళ్ళు, గోలీ.
అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.
నేనప్పటికే లేచి నిలబడ్డాను,
పద్దెనిమిదో మనిషితో మాట్లాడుతూ.
ఎర్రచుక్క నా కాలివేళ్ళ మీదుగా పాకింది, ఆగలేదు.
గేటు దగ్గరి గోనెపట్టా దాకా పోయింది.
అక్కడ అటూ ఇటూ వెతికి,
మొదటిసారి, వెనక్కి తిరిగింది.