నారింజ రంగు ఉండలు

అడిగావు కదా రోసాల్బా,
ఇన్నేళ్ళ అల్లికలో ఏ ఊలు నచ్చిందని, ఏది పడలేదని.
పొయ్యిలో ఇంకో కట్టె పెట్టి కూర్చో.
ఈ వాన ఇప్పట్లో తగ్గదు,
చిలోయే దీవిలో వానకి వేరే పనేముంది.

ముందు నచ్చింది చెప్తాను.
మా చెవి చిరిగిన గోధుమరంగు గొర్రె.
దానికి పేరు లేదు,
పేరు పెడితే కోసుకు తినలేమనేది మా అమ్మ.
దాని బొచ్చు నేనే కత్తిరిస్తాను, నేనే కడుగుతాను,
మరీ శుభ్రంగా కాదు, కాస్త జిడ్డుండాలి.
వేళ్ళకి అదే నూనె, వానకి అదే గొడుగు.
కదురు మీద వడుకుతుంటే
ఒకచోట లావు, ఒకచోట సన్నం.
ఇదిగో, ఈ ఉబ్బు దగ్గర కుక్క మొరిగింది.
ఈ సన్నబడ్డచోట పాలు పొంగాయి.
సూది మీంచి ఒక కుట్టు జారినా
కిందికి పరుగెత్తదు,
నేను చూసేదాకా అక్కడే నిలబడుతుంది
దారి తప్పిన తెలివైన దూడలాగ.
దురద అంటారు పట్నం వాళ్ళు. నిజమే.
పెళ్ళైన కొత్తలో మొగుడి గడ్డం లాంటిది,
పక్షం రోజుల్లో అలవాటవుతుంది.

రంగులూ ఇక్కడివే ఇష్టం.
కొమ్మలకి వేలాడే పాచిగడ్డాలు ఉడకేస్తే తేనె,
నల్కా వేరుతో బూడిద,
ఉల్లిపొట్టుతో ఎండ.
ఎండంటే ఫిబ్రవరిలో నాలుగు రోజులు, నీకు తెలుసుగా.

ఇక పడనివి.
టీచరమ్మ కాస్త్రో నుంచి మొహేర్ తెచ్చిచ్చింది, శాలువా కావాలని.
చూస్తే మంచుపొర, ముట్టుకుంటే పిల్లి మెడ.
ఏడో వరసలో తప్పాను. విప్పనివ్వదే!
చివరికి కత్తెర పెట్టాను.
ఒక్క తప్పుకే కత్తెర అడిగే దారంతో నాకేం పని?
నూలైతే తడిసినప్పుడు చేతులు మోకాళ్ళదాకా సాగుతాయి.
నలుపు.
మా అత్త పోయినప్పుడు కరెంటు లేదు,
ఒక్క కొవ్వొత్తికి ఆరు నల్ల శాలువాలు,
లెక్కంతా వేళ్ళతోనే.
ఏడవడానికి కూడా కళ్ళు మిగల్లేదు.

అన్నిటికన్నా పాపిష్టిది ప్లాస్టిక్ ఊలు.
మా చెల్లెలు ఎర్నెస్తీనా పుంతా అరేనాస్ నుంచి పంపింది,
పన్నెండు ఉండలు, నారింజ రంగు.
నారింజపండు కూడా అంత నారింజగా ఉండదు.
సూదుల మీద కీచుమంటుంది.
చలి ఆపదు, చెమట పట్టిస్తుంది,
నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.
ఏ గొర్రే కనలేదు దాన్ని, ఏ వేరూ అద్దలేదు.
పారేద్దామంటే, అల్లావా అని చెల్లెలు ప్రతి ఆదివారం ఫోను.
తిట్టుకుంటూనే కుస్తోదియోకి ఓ టోపీ అల్లి పడేశాను.

ఆగస్టులో ఓ పొద్దున
ఆల్చిప్పల తాళ్ళ దగ్గరికి ఆరు పడవలు వెళ్ళాయి.
వెనకే పొగమంచు దిగింది.
కిటికీలోంచి చూస్తే ఎదుటి దీవి లేదు,
నీళ్ళెక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో లేదు.
పడవల్లో అందరివీ నా చేతి స్వెటర్లే,
అచ్చం మా మట్టి, మా వాన, మా పాచి.
అంత బాగా అద్దాను మరి,
ఒక్క మనిషీ కనబడలేదు.

అప్పుడు చుక్కంత నారింజ.
ఆగింది. వంగింది.
తాడు లాగుతున్నాడు కాబోలు.
లేచి నడుం పట్టుకున్నాడు, మళ్ళీ వంగాడు.
టీ చల్లారిపోయింది, నేను కదల్లేదు.

చెల్లెలికి కబురు పెట్టాను
ఇంకో పన్నెండు ఉండలు పంపమని,
నచ్చిందని మాత్రం చెప్పలేదు.
అయిదు టోపీల్లో ఇది చివరిది.
చెవుల దగ్గర లోపలివైపు
చిరిగిన చెవి దాని ఊలే పెడుతున్నాను,
పైకి కనబడదులే.
కాసేపు మాట్లాడకు,
విను, ఎలా కీచుమంటోందో ఈ దరిద్రం.