జాడ

లెసోతోలో, మొఖొట్లాంగ్ కొండమీద
పొద్దున్నే ఎనిమిదింటికి తెల్లపెట్టె తలుపు తీయడం నా పని.
తీసేముందు ఊపిరి బిగబట్టమంటాడు రమొఖేలే.
"నీ ఊపిరీ వాతావరణమే, లింఫో,
దాన్ని లెక్కలోకి రానీకు."

మొదటివారం ఆకాశాన్ని ఎనిమిది ముక్కలు చేయబోయి
మెడ పట్టేసింది.
మబ్బు అయిదు ముక్కలన్నాను. ఆయన ఆరన్నాడు.
మా వాదన తెగేలోపు
మబ్బు నాలుగుకి దిగింది.

తడిగుడ్డ చుట్టిన థర్మామీటరూ, పొడిదీ
పక్కపక్కనే ఉండి మాట కలవని తోడికోడళ్ళు.
వాళ్ళమధ్య ఎడం ఎంత తగ్గితే
గాలికి అంత తేమ.

ఓ రోజు కంచె అవతల
దుప్పటి కప్పుకున్న గొర్రెలకాపరి కుర్రాడు
"మధ్యాహ్నం వడగళ్ళు" అని గుర్రాన్ని అదిలించాడు.
నేను రాసేశాను.
రమొఖేలే చూశాడు. రబ్బరు అడిగితే ఇవ్వలేదు.
"చెరపొద్దు. ఒక్క గీత కొట్టు,
తప్పు కింద కనబడుతుండాలి.
వచ్చేది కాదు, వచ్చింది రాయి."

మధ్యాహ్నం వడగళ్ళు పడ్డాయి.
బఠాణీలంత. ఒకటి కరిగేలోపు స్కేలు పెట్టాను: ఆరు మిల్లీమీటర్లు.
కొట్టేసిన మాటకిందే మళ్ళీ అదే మాట.
ఆయన నవ్వలేదుగానీ
టీ రెండు కప్పుల్లో పోశాడు.

తర్వాత పదకొండు రోజులు చుక్క లేదు.
గడి ఖాళీగా వదిలేస్తానంటే ఒప్పుకోడు.
"సున్నా రాయి.
ఖాళీ అంటే ఎవరూ చూడలేదని."

ఇవాళ వానకొలత డబ్బా అడుగు చెమర్చిందంతే,
గీతకి అందనంత.
దానికీ ఓ మాటుందట: జాడ.
రాశాను.
సిరా ఆరేదాకా చూస్తూ
పెట్టె తలుపు మూయడం మరిచిపోయాను.