తెల్ల బంతి ఆగేదాకా

ఓర్మోక్ రేవులో, చేపల వేలం షెడ్డు వెనక
మూడు బల్లల రేకుల హాలు.
బంతులు పేర్చేది నేను.
ఆటకి ఐదు పెసోలు,
గెలిచినవాడికి దయ పుడితే ఇంకో పది.

ఆ రాత్రి ఎనిమిదికి ఎనిమిది.
ఇంకొక్క ఆట ఎవరిదైతే డబ్బు వాళ్లది.
బల్ల మీద మిగిలింది పసుపు పట్టీ తొమ్మిది,
మూల పాకెట్టు పెదవి మీద,
ఊదితే పడేలా.

జెరికో లేచాడు.
సెబూ నుంచి వచ్చిన కుర్రాడు, చేతికి నల్ల గ్లవ్వు,
పొద్దుట్నుంచీ ఒక్క దెబ్బ తడబడలేదు.
కొట్టకముందే గ్లవ్వు వేళ్లు ఒక్కొక్కటీ వదులు చేసుకున్నాడు.
వాళ్ల మేనమామ అప్పటికే నోట్లు లెక్కపెడుతున్నాడు,
ఎవరో బీరు మూత లేపారు,
నేనూ, ఒప్పుకుంటాను,
త్రిభుజపు చట్రాన్ని మేకు నుంచి దించేశాను.
ఏరు దాటకముందే తెప్ప తగలేసినవాళ్లం, అందరం.

ఒక్కడు తప్ప.
మాంగ్ టియోడులో, పడవ మోటార్లు బాగుచేసే ముసలాయన,
ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని
కర్ర మొనకి నీలం సుద్ద అద్దుకుంటున్నాడు.
వంతు వస్తుందన్న ఆశ మొహంలో లేదు.
రాదన్న దిగులూ లేదు.

టక్.
తొమ్మిది పడింది.
హాలు లేచింది. కుర్చీలు దొర్లాయి.
మేనమామ కుర్రాణ్ణి నడుం పట్టి ఎత్తేశాడు.
ముసలాయన చూపు మాత్రం బల్ల వదల్లేదు.
ఆ చూపు వెంట పోయాను కాబట్టి చూశాను:
తెల్ల బంతి ఇంకా నడుస్తోంది.
ఇంజను ఆపేశాక కూడా గట్టుకి జారే లాంచీలా
ఎదుటి కుషన్ తాకి, మళ్లి,
నడిమి పాకెట్టు అంచున కాసేపు ఆలోచించి
లోపలికి దిగింది.

ఎంత చిన్న చప్పుడో.
రేకుల మీద వాన అప్పుడు వినబడింది మాకు.

తొమ్మిదిని తీసి చుక్క మీద పెట్టాను.
వణికినవి నా వేళ్లు, ఆయనవి కాదు.
తెల్ల బంతి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు,
చంటిపిల్లాడైనా వేసే దెబ్బ.
మళ్లీ సుద్ద.
మళ్లీ చొక్కా అంచుకి అరచేయి తుడుచుకోవడం.
పొద్దున మొదటి బంతికి ఎలా వంగాడో అలాగే వంగాడు.

పడింది.
అప్పుడూ నవ్వలేదు.
తెల్ల బంతి బల్ల మధ్యకి వచ్చి
వేగం తగ్గి
ఇంకా తగ్గి
సిగరెట్టు కాల్చిన పాత మచ్చ పక్కన
పూర్తిగా నిలిచాక
ఊపిరి వదిలాడు.

నా చేతిలో ఇరవై పెట్టి
"చట్రం తొందరగా దించావు" అన్నాడు.
అంతే. వానలోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు లాంచీ తాళ్లు కట్టే పని నాది.
గట్టు దగ్గరపడగానే జనం లేస్తారు,
సంచులు భుజానికి, పిల్లలు చంకకి,
ఒక కాలు అప్పుడే గాల్లో.
నేను కిందికి చూస్తూ ఉంటాను.
ఓడకీ గట్టుకీ మధ్య
జానెడు నల్లటి నీళ్లు,
ఇంకా కదులుతూ.